కణం అసలు కొలత ఎంత? ఆవర్ధనం లెక్క, యూనిట్ల మార్పిడి తప్పు లేకుండా చేయడం ఎలా

"సూత్రం సరిగ్గానే వేశాను, జవాబు ఎందుకు కలవడం లేదు?" మైక్రోస్కోపు బొమ్మ నుంచి కణం అసలు కొలత లెక్కగట్టే విషయంలో నాకు పదే పదే ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగినవారి లెక్క తీసుకుని చూస్తే సూత్రంలో తప్పుండదు. భాగహారంలోనూ ఉండదు. దాదాపు ప్రతిసారీ తప్పు ఒకే చోట దొరుకుతుంది. పైన మిల్లీమీటర్లు, కింద మైక్రోమీటర్లు ఉంచి అలాగే భాగించేసి ఉంటారు. దాంతో జవాబు సరిగ్గా వెయ్యి రెట్లు పక్కకు పోతుంది.

అందుకే ఇక్కడ సూత్రాన్ని రెండు ముక్కల్లో ముగించి, కొలిచే పద్ధతి, యూనిట్లు, సరిచూసుకోవడం గురించే ఎక్కువ చెబుతాను. పక్కన కాగితం పెట్టుకుని, ప్రతి లెక్కనూ మీరూ వేస్తూ చదవండి.

దగ్గర ఉంచుకోవలసినవి

- మిల్లీమీటరు గీతలు స్పష్టంగా ఉన్న పారదర్శకమైన స్కేలు
- సన్నగా చెక్కిన పెన్సిలు
- కాలిక్యులేటరు
- కొలవబోయే బొమ్మ: ముద్రించిన ఫోటో కావచ్చు, మీరు గీసిన పటం కావచ్చు
- మైక్రోస్కోపు దగ్గరే కూర్చుని కొలవాలంటే అక్షికటకంలో (కన్ను ఆనించి చూసే కటకంలో) అమర్చే గీతల బిళ్ల, స్టేజి మైక్రోమీటరు అనే ప్రత్యేకమైన స్లైడు. ఇవి లేనివారికి వేరే దారి ఉంది, దాన్ని తర్వాత చెబుతాను.

ముందు యూనిట్లు

మిల్లీమీటరు, మైక్రోమీటరు, నానోమీటరు. ఈ మూడింటినీ మూడు మెట్లుగా ఊహించుకోండి. ఒక్కో మెట్టుకూ తేడా వెయ్యి.

1 మిల్లీమీటరు = 1000 మైక్రోమీటర్లు
1 మైక్రోమీటరు = 1000 నానోమీటర్లు

మెట్టు దిగితే వెయ్యితో గుణించాలి, ఎక్కితే వెయ్యితో భాగించాలి. ఏది ఎప్పుడో తికమకగా ఉంటే ఇలా ఆలోచించండి: ఒకే పొడవును చిన్న ముక్కలతో కొలిస్తే ముక్కల సంఖ్య పెరుగుతుంది. కాబట్టి చిన్న యూనిట్‌లోకి మారినప్పుడు అంకె పెద్దది కావాలి. 0.06 మిల్లీమీటర్లు అంటే 60 మైక్రోమీటర్లు. 25 నానోమీటర్లు అంటే 0.025 మైక్రోమీటర్లు. మార్చాక అంకె పెరగాల్సిన చోట తగ్గిందంటే అక్కడే ఆగి దిద్దుకోండి.

సెంటీమీటరు ఈ వెయ్యి మెట్ల వరుసలో ఇమడదు. ఒక సెంటీమీటరు 10,000 మైక్రోమీటర్లు. సున్నా ఒకటి జారిపోయేది ఎక్కువగా ఇక్కడే. నా సలహా ఏమిటంటే బొమ్మను సెంటీమీటర్లలో అసలు కొలవకండి. 8.4 సెం.మీ. అని కాకుండా మొదటి నుంచీ 84 మి.మీ. అనే రాసుకోండి.

పాత పుస్తకాల్లో 'మైక్రాన్' అని కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, అది మైక్రోమీటరే. 1967-68లో జరిగిన తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ ఆ పేరును అధికారికంగా తొలగించింది, అయినా ప్రయోగశాలల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఆంగ్‌స్ట్రామ్ అని ఉంటే అది నానోమీటరులో పదో వంతు.

గుర్తు రాసే విషయంలో ఒక హెచ్చరిక. మైక్రోమీటరుకు వాడే 'మ్యూ' అనే గ్రీకు అక్షరానికి ఎడమ పక్కన కిందికి దిగే తోక ఉంటుంది, దాన్ని స్పష్టంగా వేయండి. కంప్యూటర్‌లో రాసేవారికి మరో ప్రమాదం పొంచి ఉంది. గుర్తుల కోసం ఉన్న కొన్ని ఫాంట్లలో 'ఎమ్' మీట నొక్కితేనే మ్యూ వస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే మ్యూ కాస్తా మామూలు ఎమ్‌గా మారి, మీ మైక్రోమీటర్లన్నీ మిల్లీమీటర్లైపోతాయి. ముద్రణకు పంపే ముందు ఒక్కసారి వెతికి చూసుకోండి.

సూత్రం

ఆవర్ధనం, అంటే మాగ్నిఫికేషన్ = బొమ్మలో కొలత ÷ అసలు కొలత

అసలు కొలత కావాలంటే బొమ్మలో కొలతను ఆవర్ధనంతో భాగించండి. సిద్ధాంతంగా ఇంతకు మించి అవసరం లేదు. గుర్తుంచుకోవలసింది ఒక్కటే: భాగించే ముందు రెండు కొలతలూ ఒకే యూనిట్‌లో ఉండాలి. ఆవర్ధనానికి యూనిట్ ఉండదు, ×400 అని రాస్తే చాలు.

ఆవర్ధనం ఇచ్చి, అసలు కొలత అడిగితే

1. ఏది కొలుస్తున్నారో నిర్ణయించుకోండి. పొడవా, వెడల్పా? కణకవచాన్ని కలుపుకొనా, వదిలేసా? కొలవబోయే రెండు చివర్లలో పెన్సిలుతో సన్నని గుర్తులు పెట్టండి.

2. మిల్లీమీటర్లలో కొలవండి. స్కేలు అంచు నుంచి కాదు, సున్నా గీత నుంచి. చాలా స్కేళ్లకు అంచుకూ సున్నాకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. సున్నా గీత అరిగిపోయి ఉంటే 10 మి.మీ. గీత నుంచి మొదలుపెట్టి, వచ్చిన అంకెలోంచి 10 తీసేయండి.

3. కొలిచిన వెంటనే, ఇంకేమీ ఆలోచించకముందే, వెయ్యితో గుణించి మైక్రోమీటర్లలో రాసుకోండి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే నేను మొదట చెప్పిన తప్పు ఇక మీ దగ్గరికి రాదు.

4. ఆవర్ధనంతో భాగించండి.

5. యూనిట్ రాయండి. జవాబు 1 కంటే బాగా చిన్నదిగా వస్తే నానోమీటర్లలోకి మార్చండి.

ఉల్లి పొర కణం ఒకటి ×400 బొమ్మలో 84 మి.మీ. పొడవుందనుకుందాం. 84 × 1000 = 84,000 మైక్రోమీటర్లు. 84,000 ÷ 400 = 210. అసలు పొడవు 210 మైక్రోమీటర్లు.

వెయ్యితో గుణించే 3వ పని వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 84 ÷ 400 = 0.21. నిజానికి ఇది 0.21 మిల్లీమీటర్లు, అంతవరకు తప్పేమీ లేదు. కానీ 'కణాలను మైక్రోమీటర్లలోనే చెప్పాలి కదా' అని దాని పక్కన మైక్రోమీటర్లు అని రాసేస్తారు. 0.21 మైక్రోమీటర్లంటే చాలా బాక్టీరియాల కంటే చిన్నది. సాధారణ కాంతి మైక్రోస్కోపు విడదీసి చూపగల కనిష్ఠ దూరమే సుమారు 0.2 మైక్రోమీటర్లు. ఉల్లి కణం అంత చిన్నదైతే దాని లోపలి కేంద్రకం మీకు కనిపించేదే కాదు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మలకూ ఇదే పద్ధతి. ×40,000 బొమ్మలో మైటోకాండ్రియా వెడల్పు 28 మి.మీ. ఉంటే, 28,000 ÷ 40,000 = 0.7 మైక్రోమీటర్లు, అంటే 700 నానోమీటర్లు. ముందే నానోమీటర్లలోకి దిగి 2,80,00,000 లాంటి అంకెలతో కుస్తీ పట్టకండి. మైక్రోమీటర్లలో లెక్క పూర్తిచేసి, చివర్లో ఒక మెట్టు దిగండి.

బొమ్మ మీద స్కేల్ బార్ ఉంటే

బొమ్మ మూలలో చిన్న గీత, దాని మీద '10 మైక్రోమీటర్లు' లాంటి అంకె కనిపిస్తే అదే స్కేల్ బార్. బొమ్మ కింద ఆవర్ధనం వేరుగా రాసి ఉన్నా నేను ఈ గీతనే నమ్ముతాను, మీరూ దాన్నే నమ్మండి. బొమ్మను చిన్నది చేసినా, పెద్దది చేసినా గీత కూడా దానితోపాటే మారుతుంది. కింద అచ్చువేసిన ×2000 మాత్రం మారదు. పుస్తకంలో పేజీకి సరిపడేలా బొమ్మను కుదించిన మరుక్షణం ఆ అంకె చెల్లదు.

1. గీత పొడవును మి.మీ.లో కొలవండి. గీతనే కొలవాలి, దాని మీది అక్షరాలను కాదు. చివర్లలో చిన్న నిలువు గీతలుంటే, ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచు వరకు కొలవండి. అలా చేస్తే నిలువు గీతల మందం లెక్కలోకి రాదు.

2. దాన్ని మైక్రోమీటర్లలోకి మార్చి, గీత మీద రాసిన విలువతో భాగించండి. వచ్చింది ఆ బొమ్మ ఆవర్ధనం.

3. కణాన్ని కొలిచి, మైక్రోమీటర్లలోకి మార్చి, ఆ ఆవర్ధనంతో భాగించండి.

ఎర్ర రక్తకణాల ఫోటోలో 10 మైక్రోమీటర్ల గీత మీ స్కేలు మీద 23 మి.మీ. వచ్చిందనుకోండి. 23,000 ÷ 10 = 2300. ఒక కణం అడ్డుకొలత 17 మి.మీ. 17,000 ÷ 2300 = 7.39, అంటే సుమారు 7.4 మైక్రోమీటర్లు.

ఆవర్ధనం అడగకపోతే దగ్గరిదారి ఉంది: 17 ÷ 23 × 10. జవాబు అదే. ఇక్కడ పై రెండూ మిల్లీమీటర్లే కనుక యూనిట్ మార్చాల్సిన పనే లేదు. ఫోటోను సగానికి తగ్గించి ముద్రించి మళ్లీ కొలవండి. గీత 11.5, కణం 8.5 వస్తాయి. 8.5 ÷ 11.5 × 10 కూడా 7.39 దగ్గరే నిలుస్తుంది. ఒకసారి మీ చేత్తో చేసి చూస్తే స్కేల్ బార్ మీద నమ్మకం కుదురుతుంది.

గీత మరీ పొట్టిగా ఉంటే జాగ్రత్త. స్కేలుతో కొలిచేటప్పుడు అర మిల్లీమీటరు అటూ ఇటూ కావడం మామూలే. 8 మి.మీ. గీత మీద అర మిల్లీమీటరు తప్పు అంటే 6 శాతానికి పైమాటే. అదే 40 మి.మీ. గీత మీద 1 శాతాన్ని కాస్త దాటుతుంది. వీలైతే బొమ్మను పెద్దది చేసి ముద్రించి కొలవండి.

తెర మీద కొలిచేవారు గీతను కొలిచాక, కణాన్ని కొలిచేలోపు జూమ్ మార్చకూడదు. తెర మీద స్కేలు ఆనించడం కంటే పిక్సెళ్లు లెక్కించడం మేలు. ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీత మీద ఒక రేఖ గీసి, దాని అసలు పొడవు ఎంతో చెబితే ఆపై కొలతలన్నీ నేరుగా మైక్రోమీటర్లలోనే వస్తాయి. చేత్తో లెక్కించినా సులువే. 20 మైక్రోమీటర్ల గీత 312 పిక్సెళ్లు, బుగ్గ కణం 905 పిక్సెళ్లు అయితే 905 ÷ 312 × 20 = 58 మైక్రోమీటర్లు.

బొమ్మను ఒకవైపే సాగదీసి ఉంటే మాత్రం స్కేల్ బార్ కూడా కాపాడలేదు. అడ్డంగా ఉన్న గీతతో నిలువు కొలత తీస్తే తప్పుతుంది. గుండ్రంగా ఉండాల్సిన కణాలన్నీ ఒకే దిశలో కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తే ఆ బొమ్మను పక్కన పెట్టేయండి.

మీరు గీసిన పటానికి ఆవర్ధనం రాయాలంటే

ఇక్కడ జరిగే పొరపాటు నన్ను ఎక్కువగా బాధపెడుతుంది, ఎందుకంటే పటం ఎంతో శ్రద్ధగా గీసినవారే ఇందులో మార్కులు పోగొట్టుకుంటారు. మైక్రోస్కోపులో అక్షికటకం ×10, వస్తుకటకం (స్లైడు వైపు ఉండే కటకం) ×40 కాబట్టి రెంటినీ గుణించి పటం కింద ×400 అని రాసేస్తారు. ఆ 400 మీ కంటికి కనిపించిన దృశ్యానిది. కాగితం మీద కణాన్ని ఎంత పెద్దదిగా గీయాలో మీ చేయి నిర్ణయించింది, మైక్రోస్కోపు కాదు.

1. పటంలో కణం పొడవును కొలవండి. ఉదాహరణకు 90 మి.మీ., అంటే 90,000 మైక్రోమీటర్లు.
2. అదే కణం అసలు పొడవును మైక్రోస్కోపు దగ్గర కొలిచి పెట్టుకోండి. బుగ్గ కణం 60 మైక్రోమీటర్లు వచ్చిందనుకుందాం.
3. 90,000 ÷ 60 = 1500. పటం కింద రాయవలసింది ×1500.

పక్కనే కూర్చున్న మరొకరు అదే కణాన్ని 60 మి.మీ.గా గీస్తే వారి పటం ×1000 అవుతుంది. రెండూ సరైనవే. ఫోన్‌ను అక్షికటకానికి ఆనించి తీసిన ఫోటోకూ ఇదే వర్తిస్తుంది. దాని ఆవర్ధనం ×400 కాదు, అది ఎంత సైజులో చూస్తున్నామన్నదాన్ని బట్టి మారుతూ ఉంటుంది.

మైక్రోస్కోపు దగ్గరే కొలవడం

గీతల బిళ్లను అక్షికటకంలో అమర్చితే దృశ్యం మీద 0 నుంచి 100 వరకు చిన్న స్కేలు కనిపిస్తుంది. ఆ గీతలకు సొంతంగా యూనిట్ లేదు. వస్తుకటకం మారిస్తే కణాలు పెద్దవవుతాయి కానీ ఈ గీతలు అలాగే ఉంటాయి. అందుకే ఒక్కో వస్తుకటకానికీ విడిగా విలువ కట్టాలి.

1. స్టేజి మైక్రోమీటరును స్లైడు స్థానంలో పెట్టండి. సాధారణంగా అందులో 1 మిల్లీమీటరును 100 భాగాలు చేసి ఉంటారు, అంటే ఒక్కో భాగం 10 మైక్రోమీటర్లు. మీ దానిపై రాసినది చదివి నిర్ధారించుకోండి.

2. రెండు స్కేళ్ల సున్నాలను ఒకే రేఖ మీదకు తెచ్చి, వీలైనంత దూరంలో మళ్లీ కచ్చితంగా కలిసే గీతలను వెతకండి. దగ్గర్లో కలిసే జతతో సరిపెట్టుకోకండి, దూరం పెరిగేకొద్దీ తప్పు తగ్గుతుంది.

3. ×40 వస్తుకటకంతో బిళ్ల మీది 80 భాగాలు, స్టేజి మీది 20 భాగాలతో సరిపోయాయనుకోండి. 20 × 10 = 200 మైక్రోమీటర్లు. 200 ÷ 80 = 2.5. అంటే ఒక్కో భాగం 2.5 మైక్రోమీటర్లు.

4. స్టేజి మైక్రోమీటరు తీసి మీ స్లైడు పెట్టండి. కణం 22 భాగాలు ఆక్రమిస్తే 22 × 2.5 = 55 మైక్రోమీటర్లు.

×10 వస్తుకటకానికి మారి, ఈ 2.5నే వాడేయడం చాలామంది చేసే తప్పు. ప్రతి వస్తుకటకం విలువనూ చిన్న చీటీ మీద రాసి మైక్రోస్కోపుకే అంటించండి.

ఈ పరికరాలు లేకపోతే దృష్టిక్షేత్రం వెడల్పుతో అంచనా వేయవచ్చు. ×4 వస్తుకటకం కింద పారదర్శకమైన స్కేలు పెట్టి, వెలుగు వలయం అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చూడండి. 4.5 మి.మీ. వచ్చిందంటే 4500 మైక్రోమీటర్లు. ×40 కింద అది పదో వంతు, 450 మైక్రోమీటర్లు. ఆ వెడల్పులో 9 కణాలు పక్కపక్కన పట్టాయంటే ఒక్కోటి సుమారు 50 మైక్రోమీటర్లు. అక్షికటకం మీద ×10 పక్కన 18 లాంటి మరో అంకె చెక్కి ఉంటే స్కేలు కూడా అక్కర్లేదు. దాన్ని వస్తుకటకం ఆవర్ధనంతో భాగిస్తే క్షేత్రం వెడల్పు మి.మీ.లో వస్తుంది: 18 ÷ 40 = 0.45. ఒక్క మాట మాత్రం మరవొద్దు: స్కేలును ×40 కింద పెట్టకండి. ఆ కటకం స్లైడుకు అతి దగ్గరగా దిగుతుంది, స్కేలు మందానికి తగిలి గీసుకుపోతుంది.

జవాబు సరైనదేనా?

మొదట ఎదురు లెక్క వేయండి. అసలు కొలతను ఆవర్ధనంతో గుణిస్తే బొమ్మలో కొలత తిరిగి రావాలి. 210 × 400 = 84,000 మైక్రోమీటర్లు, 84 మి.మీ. సరిపోయింది. ఆవర్ధనం 1 కంటే తక్కువ వస్తే పైదీ కిందిదీ తారుమారు చేశారు, లేదా మార్చకుండా భాగించారు.

తర్వాత తెలిసిన కొలతలతో పోల్చండి. ఈ కొన్నింటిని గుర్తుంచుకుంటే వెయ్యి రెట్ల తప్పు కంటికి వెంటనే ఆనుతుంది:

- కణత్వచం మందం: 7–8 నానోమీటర్లు
- రైబోజోమ్: 20–30 నానోమీటర్లు
- ఇ. కోలై బాక్టీరియా పొడవు: సుమారు 2 మైక్రోమీటర్లు
- ఎర్ర రక్తకణం అడ్డుకొలత: 7–8 మైక్రోమీటర్లు
- బుగ్గ కణం: సుమారు 60 మైక్రోమీటర్లు
- మానవ అండం: 100 మైక్రోమీటర్లకు కాస్త పైన, అంటే కంటికి చుక్కలా కనిపించేంత

మీ ఎర్ర రక్తకణం 0.0074 లేదా 7400 మైక్రోమీటర్లు వచ్చిందంటే అంకెలు సరైనవే, మెట్టు తప్పారు. 5.1 లేదా 11 వచ్చిందంటే కొలవడంలోనే ఏదో జరిగింది, స్కేలు మళ్లీ పట్టండి.

దశాంశాల విషయంలో నిగ్రహం కావాలి. 17 మి.మీ. అని రెండంకెల్లో కొలిచి 7.3913043 మైక్రోమీటర్లు అని రాయడం మన స్కేలుకు లేని కచ్చితత్వాన్ని ఆపాదించడమే. 7.4 చాలు. ఒక్క కణంతోనే తేల్చేయవద్దు. పలచగా కోసిన ముక్కల్లో ప్రతి కణాన్నీ సరిగ్గా మధ్యలోంచి కోసి ఉండరు, అంచున తెగినవి చిన్నవిగా కనిపిస్తాయి. పది కణాలు కొలిచి సగటు తీయండి.

వైశాల్యం అడిగితే మరో జాగ్రత్త. ఆవర్ధనం పొడవుకు సంబంధించింది. ×400 అంటే పొడవు 400 రెట్లు, వైశాల్యం 400 × 400 = 1,60,000 రెట్లు. అలాగే ఒక చదరపు మిల్లీమీటరులో ఉండేది వెయ్యి కాదు, 10 లక్షల చదరపు మైక్రోమీటర్లు. పొడవులను ముందే మైక్రోమీటర్లలోకి మార్చుకుని గుణిస్తే ఈ చిక్కు అసలు రాదు.

మీరు చేసి చూడండి

(అ) ×6000 బొమ్మలో హరితరేణువు పొడవు 36 మి.మీ. అసలు పొడవు ఎంత?
(ఆ) 500 నానోమీటర్ల స్కేల్ బార్ ముద్రించిన బొమ్మలో 20 మి.మీ. ఉంది. ఆవర్ధనం ఎంత?
(ఇ) ×1500 పటంలో కేంద్రకం అడ్డుకొలత 12 మి.మీ. అసలు కొలత ఎంత?

జవాబులు: (అ) 6 మైక్రోమీటర్లు. (ఇ) 8 మైక్రోమీటర్లు. (ఆ) ×40,000. (ఆ)కు 40 వచ్చినవారు 500 నానోమీటర్లను 0.5 మైక్రోమీటర్లుగా మార్చకుండానే భాగించారు. 0.04 వచ్చినవారు 20 మిల్లీమీటర్లను కూడా మార్చలేదు. వెయ్యితో గుణించే 3వ పని దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.